బీఎస్సీ తర్వాత పైచదువు: డిగ్రీ ముగియకముందే మూసుకుపోయే ద్వారాలు

డిగ్రీ చివరి సెమిస్టర్ పరీక్షలు ముగిశాక ఎంఎస్సీ గురించి ఆలోచించవచ్చన్నది తెలుగు రాష్ట్రాల్లోని చాలా కళాశాలల్లో వినిపించే మాట. రాష్ట్ర విశ్వవిద్యాలయాల వరకు ఆ మాట నిజమే. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ డిగ్రీ పరీక్షలు పూర్తయ్యే కాలంలోనో, ఆ తర్వాతో జరుగుతాయి. జాతీయ సంస్థల తీరు వేరు. ఐఐటీల ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌కు దరఖాస్తులు సెప్టెంబరులో మొదలై అక్టోబరులో ముగుస్తాయి. అంటే విద్యార్థి అప్పటికి అయిదో సెమిస్టర్ మధ్యలో ఉంటాడు. టాటా మౌలిక పరిశోధన సంస్థ పరీక్ష డిసెంబరులో ఉంటుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశాలకు నిర్వహించే సీయూఈటీ పీజీ మార్చిలో జరుగుతుంది. జూన్‌లో మార్కుల మెమో చేతికి వచ్చేసరికి ఈ ద్వారాలన్నీ ఆ ఏటికి మూసుకుపోయి ఉంటాయి.

ఇది ప్రతిభకు సంబంధించిన సమస్య కాదు, సమాచారానికి సంబంధించినది. ఇంటర్మీడియట్ తర్వాత ఇంజినీరింగ్, వైద్య ప్రవేశాల గడువులు ఊరూరా అందరికీ తెలుసు. అవే ఊళ్లలో బీఎస్సీ చదివే విద్యార్థికి జామ్ అనే పరీక్ష ఉందని చెప్పేవారు తక్కువ. తెలిసేది తరచుగా సీనియర్ల ద్వారానే. ఆ సీనియర్లు లేని కళాశాలలో చదివేవారికి ఉపయోగపడాలన్నదే ఈ కథనం ఉద్దేశం.

మొదటి ఏడాదిలోనే మొదలయ్యే ఎంపిక

దశాబ్దాల పాటు తెలుగు రాష్ట్రాల బీఎస్సీ మూడు సబ్జెక్టుల కూర్పుగా నడిచింది. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిస్తే ఎంపీసీ. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిస్తే బీజెడ్‌సీ. గణితం, సాంఖ్యకశాస్త్రం, కంప్యూటర్లు కలిస్తే ఎంఎస్సీఎస్. మూడింటికీ సమాన ప్రాధాన్యం ఉండటం వల్ల విద్యార్థి ఏ సబ్జెక్టులో ఎంఎస్సీ చేయాలన్నది చివరి ఏడాది వరకు తేల్చుకోకపోయినా నడిచేది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ విధానం ప్రవేశించింది. విద్యార్థి ఒక సబ్జెక్టును మేజర్‌గా, మరొకదానిని మైనర్‌గా తీసుకోవాలి. ఒకే సబ్జెక్టును లోతుగా చదివే అవకాశం ఇందులో ఉన్న మేలు. అయితే రసాయనశాస్త్రం మేజర్‌గా, వృక్షశాస్త్రం మైనర్‌గా తీసుకున్న విద్యార్థి డిగ్రీలో గణితాన్ని అసలు చదవకపోవచ్చు. కొన్ని ఐఐటీలు భౌతికశాస్త్ర ఎంఎస్సీకి డిగ్రీలో కనీసం రెండు సెమిస్టర్లు గణితం చదివి ఉండాలని అడుగుతాయి. రసాయనశాస్త్ర ఎంఎస్సీకి ఇంటర్మీడియట్ స్థాయిలోనైనా గణితం ఉండాలనే నియమం కూడా కొన్నిచోట్ల ఉంది. ఈ షరతులు సంస్థను బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతాయి. అందుచేత మైనర్ ఎంచుకునే రోజునే ఆ ఏటి జామ్ సమాచార పుస్తకంలోని అర్హతల పట్టికను ఒకసారి చూడటం మంచిది. స్నేహితులందరూ ఏ మైనర్ తీసుకుంటే అదే తీసుకునే అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది.

మార్కుల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. ఐఐటీ ప్రవేశాలకు సాధారణంగా డిగ్రీలో 55 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 50 శాతం అవసరం. చాలా ఏళ్లుగా అమలైన నిబంధన ప్రకారం ఈ శాతాన్ని సైన్సు సబ్జెక్టులకే పరిమితం చేయరు. తెలుగు, ఇంగ్లీషు సహా అన్ని పేపర్లనూ, అన్ని సంవత్సరాలనూ కలిపి లెక్కిస్తారు. 54.9ను 55గా సవరించరు. మొదటి ఏడాది భాషా పేపర్లను ‘పాసైతే చాలు’ అన్న ధోరణిలో రాసినవారికి ఈ సంగతి మూడో ఏడాదిలో తెలుస్తుంది.

జామ్: డిగ్రీ పరీక్షకు పూర్తిగా భిన్నమైన పరీక్ష

జామ్‌లో ఏడు పేపర్లు ఉన్నాయి: జీవసాంకేతికశాస్త్రం, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, గణిత సాంఖ్యకశాస్త్రం, భౌతికశాస్త్రం. ఐఐటీల్లో సుమారు 3,000 సీట్లు దీని ద్వారా భర్తీ అవుతాయి. ఎన్‌ఐటీలు తదితర సంస్థల్లో మరో 2,000కు పైగా సీట్లకు ఇదే ర్యాంకు ఆధారం. వాటికి సీసీఎంఎన్ పేరుతో వేరుగా కౌన్సెలింగ్ జరుగుతుంది. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ తిరుపతి, వరంగల్ ఎన్‌ఐటీ మన ప్రాంతంలోనే ఉన్నా, వాటిలో ఎంఎస్సీ ఉందన్న విషయం చాలామంది డిగ్రీ విద్యార్థుల దృష్టికి రాదు. వేర్వేరు పూటల్లో ఉంటే ఒకే అభ్యర్థి రెండు పేపర్లు రాయవచ్చు. వయోపరిమితి లేదు.

పరీక్ష మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి భాగంలో 30 ప్రశ్నలకు నాలుగు జవాబుల్లో ఒకటే సరైనది. తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత పడుతుంది. రెండో భాగంలోని 10 ప్రశ్నల్లో ఒకటికి మించి సరైన జవాబులు ఉండవచ్చు. వాటన్నింటినీ గుర్తిస్తేనే రెండు మార్కులు, ఒక్కటి వదిలినా సున్న. మూడో భాగంలోని 20 ప్రశ్నలకు ఎంపికలే ఉండవు. లెక్క చేసి వచ్చిన సంఖ్యను కంప్యూటర్‌లో నింపాలి. చివరి రెండు భాగాల్లో తప్పు జవాబుకు కోత లేదు.

డిగ్రీ పరీక్షల్లో 80 శాతం తెచ్చుకున్న విద్యార్థి ఇక్కడ 20 మార్కుల దగ్గర ఆగిపోవడం అరుదు కాదు. కారణం ప్రశ్న స్వభావంలో ఉంది. మన సెమిస్టర్ పరీక్షలో యూనిట్‌కొక పెద్ద ప్రశ్న, దానికి ‘లేదా’ అంటూ మరొకటి ఇస్తారు. ‘లాగ్రాంజ్ సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపించండి’ అన్నది బీజగణితంలో ఏటా కనిపించే ప్రశ్న. పరిమిత సమూహంలోని మూలకాల సంఖ్యను దాని ప్రతి ఉపసమూహంలోని మూలకాల సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుందని రాసి, నిరూపణ అప్పజెప్పితే పూర్తి మార్కులు వస్తాయి. జామ్ తరహా ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. 12 మూలకాలున్న సమూహంలో 6 మూలకాల ఉపసమూహం తప్పక ఉంటుందా? ఆరు పన్నెండును భాగిస్తుంది కాబట్టి ఉంటుందని సిద్ధాంతాన్ని కంఠతా పట్టినవారు అనుకుంటారు. ఉండనవసరం లేదు. నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల సమూహంలో 12 మూలకాలు ఉన్నా 6 మూలకాల ఉపసమూహం లేదు. సిద్ధాంతం ఒక దిశలోనే నిజమని గ్రహించిన విద్యార్థికే ఇది తట్టుతుంది.

భౌతికశాస్త్రంలోనూ అంతే. సరళ హరాత్మక డోలకం సమీకరణాన్ని ఉత్పాదించడం డిగ్రీ ప్రశ్న. ఒక స్ప్రింగుకు వేలాడే ద్రవ్యరాశి డోలనావర్తన కాలం ఇంత అని చెప్పి, ఆ స్ప్రింగును సరిగ్గా సగానికి కోసి, రెండు ముక్కలనూ పక్కపక్కన కట్టి అదే ద్రవ్యరాశిని వేలాడదీస్తే ఆవర్తన కాలం ఎంతవుతుందన్నది ప్రవేశ పరీక్ష అడిగే తీరు. ఒక్కో ముక్క బలస్థిరాంకం రెట్టింపవుతుంది, రెండూ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి మొత్తం నాలుగు రెట్లు, ఆవర్తన కాలం సగం. సమీకరణం ఇద్దరికీ వచ్చు. దానితో పని చేయించడం ఒకరికే వచ్చు.

రసాయనశాస్త్రంలో ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2 చర్యా విధానాలను వివరించమనడం మనకు అలవాటైన ప్రశ్న. మూడు బంధాలు వలయాల్లో చిక్కుకున్న వంతెన మూల కార్బన్‌పై ఉన్న బ్రోమిన్ ఆ రెండు మార్గాల్లోనూ ఎందుకు సులభంగా తొలగదని అడిగితే రెండు పేజీల వివరణ సాయం చేయదు. వెనుక వైపు నుంచి దాడికి చోటు లేదు కాబట్టి ఎస్‌ఎన్2 కుదరదు. కార్బోకాటయాన్ సమతలంగా మారలేదు కాబట్టి ఎస్‌ఎన్1 కష్టం. ఈ రెండు వాక్యాలు రాయగలిగితే పాఠం అర్థమైనట్టే.

దీన్నిబట్టి సెమిస్టర్ పరీక్ష వ్యర్థమని అనుకోరాదు. నిరూపణను వరుసగా, స్పష్టంగా రాయగలగడం పరిశోధనలో అవసరమైన నైపుణ్యమే. అయితే గత అయిదేళ్ల ‘ఇంపార్టెంట్’ ప్రశ్నలను పట్టుకుని, మిగతా సిలబస్‌ను వదిలేసే పద్ధతి డిగ్రీని దాటిస్తుంది గాని ప్రవేశ పరీక్షను దాటించదు. జామ్ పాత ప్రశ్నపత్రాలు, వాటి జవాబులు అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండో ఏడాది నుంచి, తరగతిలో ఒక అధ్యాయం ముగిసిన వారంలోనే ఆ అధ్యాయానికి చెందిన పాత ప్రశ్నలను ప్రయత్నిస్తే వేరుగా శిక్షణ అవసరం చాలావరకు తగ్గుతుంది. ఐఐటీలు, ఐఐఎస్సీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా వినవచ్చు.

కేంద్రీయ, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు

హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఢిల్లీ విశ్వవిద్యాలయం, జేఎన్‌యూ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వంటి వాటిలో పీజీ ప్రవేశాలకు 2022లో మొదలైన సీయూఈటీ పీజీ ఆధారం. ఇందులో 75 ప్రశ్నలు, 300 మార్కులు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. 2025లో పరీక్ష వ్యవధి 90 నిమిషాలు. ప్రశ్నకు ఒక నిమిషానికి కాస్త ఎక్కువ సమయమే దొరుకుతుంది కాబట్టి జామ్ కంటే ఇక్కడ వేగానికి ప్రాధాన్యం ఎక్కువ. పరీక్ష రాసినంత మాత్రాన సీటు ప్రక్రియ పూర్తికాదు. ఫలితాల తర్వాత ప్రతి విశ్వవిద్యాలయానికి దాని వెబ్‌సైట్‌లో విడిగా నమోదు చేసుకోవాలి. ఈ రెండో దశ తెలియక మంచి మార్కులు వచ్చినా అవకాశం కోల్పోయేవారు ఉన్నారు.

తెలంగాణలో ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించే సీపీగెట్ ద్వారా ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన తదితర విశ్వవిద్యాలయాల సీట్లు భర్తీ అవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కో పరీక్ష ఉన్న పాత పద్ధతి పోయి 2021 నుంచి ఉమ్మడి పీజీసెట్ జరుగుతోంది. రెండింటిలోనూ 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. తప్పు జవాబుకు కోత లేదు. ప్రశ్నలు ఎక్కువగా డిగ్రీ సిలబస్ పరిధిలోనే ఉంటాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరడాన్ని ఓటమిగా చూడవలసిన పని లేదు. చూడవలసింది ఆ విభాగంలో ఎంతమంది శాశ్వత అధ్యాపకులు ఉన్నారు, ప్రయోగశాల నడుస్తోందా, ఎంఎస్సీ ప్రాజెక్టు నిజంగా చేయిస్తారా అన్నది. విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణానికీ అనుబంధ కళాశాలకూ ఈ విషయంలో తేడా చాలా ఉంటుంది. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఇచ్చేముందు అక్కడ చదువుతున్నవారిని అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

ఎంఎస్సీతో ఆగకుండా నేరుగా పరిశోధనకు

పరిశోధనపై ఆసక్తి ఉన్నవారికి డిగ్రీ నుంచే ఎంఎస్సీ, పీహెచ్‌డీ కలిపి చేసే మార్గం ఉంది. బెంగళూరులోని ఐఐఎస్సీ జీవ, రసాయన, భౌతిక, గణిత శాస్త్రాల్లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అభ్యర్థులను పిలుస్తుంది. టాటా సంస్థకు సొంత పరీక్ష ఉంది. దానికి హైదరాబాద్ శివారులోని గోపన్‌పల్లిలోనూ ప్రాంగణం ఉంది. భౌతికశాస్త్రంలో పలు పరిశోధన సంస్థలు కలిసి జెస్ట్ నిర్వహిస్తాయి. ఇవన్నీ రాతపరీక్షతో ముగియవు, ఇంటర్వ్యూ ఉంటుంది. అక్కడ ఎక్కువ సమయం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: బోర్డు మీద ఆలోచించి చూపమంటారు. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినంత నుంచి ముందుకు వెళ్లేవారికి అది అనుకూలం.

గణిత విద్యార్థులకు సాంఖ్యకశాస్త్రం వైపు మళ్లే దారి విశాలమైనది. కోల్‌కతా కేంద్రంగా ఉన్న భారతీయ సాంఖ్యక సంస్థ, చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ సాధారణంగా మే నెలలో సొంత పరీక్షలు పెడతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎంఏ చేసిన సి.ఆర్.రావు 1941లో ఆ సాంఖ్యక సంస్థలో శిక్షణకు చేరారు. ఆ రంగంలో ప్రపంచ స్థాయి పేరు ఆయనకు ఆ మలుపు నుంచే వచ్చింది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి ఆయన్ను వరించింది.

భూగర్భశాస్త్రం గురించి ఒక మాట. దాన్ని బోధించే డిగ్రీ కళాశాలలు కొద్ది. కాని ఎంఎస్సీ తర్వాత యూపీఎస్సీ ప్రత్యేకంగా నిర్వహించే జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది, హైదరాబాద్‌లోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. పోటీదారులు తక్కువ ఉన్న చోట చోటు వెతుక్కోవాలనుకునేవారు దీన్ని పరిశీలించవచ్చు. జీవసాంకేతికశాస్త్రంలో కేంద్ర ప్రభుత్వ విభాగం తోడ్పాటుతో నడిచే పీజీ కోర్సులకు గ్యాట్-బి అనే వేరే పరీక్ష ఉంది. మూడో ఏడాది డిగ్రీ విద్యార్థులు గేట్ కూడా రాయవచ్చు. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

నాలుగో ఏడాది ఉండాలా, వెళ్లాలా?

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. యూజీసీ 2022 డిసెంబరులో విడుదల చేసిన చట్రం ప్రకారం 120 క్రెడిట్లతో మూడేళ్ల డిగ్రీ, 160 క్రెడిట్లతో నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ లభిస్తాయి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం సాధించినవారు నాలుగో ఏడాదిలో పరిశోధన వ్యాసంతో కూడిన ఆనర్స్ చేయవచ్చు. నాలుగేళ్లు పూర్తిచేసిన వారికి పీజీ ఒక్క ఏడాది, మూడేళ్లవారికి రెండేళ్లు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఉంటుందని అదే ఏడాది నిబంధనలు చెబుతున్నాయి.

కాగితం మీద రెండు దారులకూ పట్టే కాలం సమానమే: మూడు, రెండు కలిసినా అయిదు, నాలుగు, ఒకటి కలిసినా అయిదు. అసలు తేడా నాలుగో ఏడాది ఎక్కడ గడుస్తుందన్నది. పరిశోధన చేసే అధ్యాపకులు, పనిచేసే పరికరాలు ఉన్న కళాశాలలో అయితే ఉండటం లాభం. ఆ వసతులు లేని చోట నాలుగో ఏడాది మూడో ఏడాదికి పొడిగింపుగానే మిగిలిపోతుంది. జామ్‌లోనో సీపీగెట్‌లోనో మంచి సీటు వచ్చిన విద్యార్థి మూడేళ్లతో బయటికి వచ్చి రెండేళ్ల ఎంఎస్సీలో చేరడమే, ప్రస్తుత పరిస్థితిలో, ఎక్కువమందికి సురక్షితం. ఒక ఏడాది పీజీ అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ ఇంకా స్థిరపడలేదు. కుటుంబానికి త్వరగా ఆదాయం అవసరమై మూడేళ్లతో ఆగి బీఈడీకో, గ్రూప్స్‌కో, ఉద్యోగానికో వెళ్లేవారి నిర్ణయమూ గౌరవించదగినదే.

భాష, ధ్రువపత్రాలు

తెలుగు మాధ్యమంలో ఇంటర్ వరకు చదివినవారికి అదనపు భారం ఉంది. జామ్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కళాశాలలన్నీ ఇంగ్లీషు మాధ్యమానికి మారాయి. మాధ్యమం మారినంతలో అవగాహన రాదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు ఇందుకు ఇప్పటికీ పనికొస్తాయి: భావనను తెలుగులో గ్రహించి, పారిభాషిక పదాన్ని ఇంగ్లీషులో గుర్తుంచుకోవడం సాధ్యమే. సైన్సు ప్రవేశ పరీక్షలో అవసరమయ్యే ఇంగ్లీషు పరిమితం. ‘కనీసం’, ‘గరిష్ఠంగా’, ‘అయితేనే’ వంటి అర్థాలిచ్చే పదాలను తప్పుగా చదవడం వల్లనే ఎక్కువ మార్కులు పోతాయి.

ధ్రువపత్రాల విషయంలో చివరి క్షణపు పరుగు తప్పించుకోవచ్చు. రాష్ట్రంలో బీసీ ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన కేంద్ర సంస్థల్లో ఓబీసీ రిజర్వేషన్ వర్తించదు. ఆ కులం కేంద్ర జాబితాలో ఉండాలి, పత్రం కేంద్ర నమూనాలో ఉండాలి, సంపన్న శ్రేణికి చెందరని తాజాగా ధ్రువీకరించాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం కూడా ఆ ఆర్థిక సంవత్సరానిదే అయి ఉండాలి. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు చేసేటప్పుడు ‘కేంద్ర ప్రభుత్వ అవసరానికి’ అని స్పష్టంగా చెప్పాలి. మరొకటి, బ్యాక్‌లాగ్‌లు. ప్రవేశం తాత్కాలికంగా ఇచ్చినా, నిర్ణీత తేదీలోగా అన్ని సెమిస్టర్లూ పాసైన మెమో చూపకపోతే సీటు రద్దవుతుంది. మొదటి సెమిస్టర్‌లో మిగిలిన ఒక్క పేపర్ ఐఐటీ సీటును పోగొట్టగలదు.

సెలవులు, ఆ తర్వాతి మెట్లు

వేసవి సెలవుల్లో పరిశోధనను దగ్గరగా చూసే అవకాశాలు డిగ్రీ స్థాయిలోనే ఉన్నాయి. మూడు జాతీయ సైన్సు అకాడమీలు కలిసి రెండు నెలల వేసవి ఫెలోషిప్‌లు ఇస్తాయి. దరఖాస్తులు అంతకుముందు చలికాలంలోనే తీసుకుంటాయి. గణిత విద్యార్థులకు 1993 నుంచి ఎంటీటీఎస్ శిబిరాలు జరుగుతున్నాయి. అక్కడ అధ్యాపకులు ఉపన్యసించడం కంటే ప్రశ్నించడం ఎక్కువ. ముంబయిలోని హోమీ భాభా కేంద్రం ఎన్‌ఐయూఎస్ పేరుతో డిగ్రీ విద్యార్థులకు శిక్షణ ఇస్తుంది. ఇంటర్‌లో బోర్డు వారీగా అగ్ర ఒక శాతంలో నిలిచి బీఎస్సీలో చేరినవారికి ఇన్‌స్పైర్ ఉపకారవేతనం ఏడాదికి 80,000 రూపాయలు. అర్హత ఉండి కూడా దరఖాస్తు చేయనివారు ప్రతి కళాశాలలోనూ ఒకరిద్దరైనా ఉంటారు.

ఎంఎస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు. ఆ తర్వాత అది 42,000 అవుతుంది. అధ్యాపక వృత్తి కోరేవారికి రాష్ట్రాల సెట్ పరీక్షలు ఉన్నాయి: ఆంధ్రప్రదేశ్‌లో ఏపీసెట్, తెలంగాణలో టీజీసెట్. ప్రస్తుతం రెండో ఏడాది చదువుతున్న విద్యార్థి వీటన్నింటికంటే ముందు గుర్తుపెట్టుకోవలసిన తేదీ వచ్చే సెప్టెంబరు. జామ్ దరఖాస్తుకు అప్పుడు కావలసినవి ఫొటో, సంతకం, గుర్తింపు పత్రం, రిజర్వేషన్ ఉంటే దాని ధ్రువపత్రం, ఫీజు. డిగ్రీ పట్టా అప్పటికి అక్కర లేదు.